డయాలసిస్ తాతయ్యకు కొబ్బరినీళ్లు ఎందుకు వద్దు?

జ్వరమొస్తే నీకు కొబ్బరినీళ్లు తాగిస్తారు. మరి డయాలసిస్ చేయించుకునే తాతయ్య బొండాం అడిగితే అమ్మ ఎందుకు వద్దంటుంది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ బాధ మరీ ఎక్కువ. అక్కడ ఎటు చూసినా కొబ్బరితోటలే, కిడ్నీ జబ్బున్నవాళ్లూ ఊరూరా ఉన్నారు.

కొబ్బరినీళ్లలో పొటాషియం అనే ఖనిజం బాగా ఉంటుంది. గుండె సరిగ్గా కొట్టుకోవాలంటే అది కొంచెం కావాలి. ఎక్కువైతే మాత్రం గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోవచ్చు కూడా. మన కిడ్నీలు ఎక్కువైనదాన్ని రాత్రీపగలూ మూత్రంలోకి పంపేస్తుంటాయి. కిడ్నీలు చెడిపోతే డయాలసిస్ మిషన్ ఆ పనిని మామూలుగా వారానికి 3 సార్లు, సారికి 4 గంటలే చేస్తుంది. రోజూ ఖాళీచేసే చెత్తబుట్టను వారానికి మూడుసార్లే ఖాళీచేస్తే, పొంగిపోకుండా అందులో తక్కువ వేయాలి కదా! అందుకే అరటిపండూ తగ్గించమంటారు. నీళ్లు కూడా కొలుచుకునే తాగాలి. ఎండాకాలంలో అదెంత కష్టమో!

కూరలకు ఒక ఉపాయముంది. బంగాళాదుంపను సన్నటి ముక్కలుగా తరిగి, బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం బాగా తగ్గుతుంది. ఆ నీళ్లతో చారు మాత్రం పెట్టకూడదు.

అన్నీ తగ్గించాలనుకునేవు! కండకు బలమిచ్చే మాంసకృత్తులు డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. రక్తం శుభ్రమయ్యేటప్పుడు వాటిలో కొంత జారిపోతుంది మరి. అందుకే గుడ్డులో తెల్లసొన తినమంటారు. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే ఎముకలు బలహీనపడతాయి.