నాచును మేయు నత్త

మా శ్రోతలలో కొందరి యిండ్లలో అద్దపు చేపల తొట్లు ఉండవచ్చును. మంచినీటి తొట్టి కంటె ఉప్పునీటి తొట్టికి అందము హెచ్చు. దాని పోషణభారమును హెచ్చే. తొట్టి అమర్చిన కొన్ని మాసములకు రాళ్ళపై పచ్చని నాచు పుట్టి, ఈకలవలె గుబురుగా పెరిగి, పగడపు జీవులను కప్పివేయుట కలదు. చేతితో పెరికినచో పోయినట్లే తోచును. చిన్న తునక మిగిలినను మరల చిగుర్చును. ఇట్టి నాచులలో బ్రయాప్సిస్ అనునది మిక్కిలి మొండిది.

మందు వేయుటకు బదులు, ఆ నాచునే ఆహారముగా గల ప్రాణిని తొట్టిలో విడుచుట ఒక ఉపాయము. ఆ ప్రాణి గుల్ల లేని సముద్రపు నత్త. ఫ్లోరిడా, కరిబియన్ తీరములలో నివసించు ఒక జాతికి, మడతలు పడిన అంచులనుబట్టి లెట్యూస్ నత్త యని పేరు వచ్చినది. దాని శాస్త్రనామము ఎలీసియా క్రిస్పేటా.

ఇది మేయు తీరు వింతయైనది. బ్రయాప్సిస్ కొమ్మ లోపల అడ్డుగోడలు లేని సన్నని గొట్టము. నత్త తన నాలుకపై ఒకే వరుసగా నున్న పండ్లతో ఆ గొట్టమును పొడిచి, లోని రసమును పీల్చును. రసముతో వచ్చిన హరితరేణువులను వెంటనే జీర్ణము చేసికొనక ఒడలిలో దాచుకొనును. దాని పచ్చదనము అరువు తెచ్చుకొన్నదే! ఆకలి మిక్కుటమైనపుడు ఆ నిల్వనే అరగించుకొనును; అపుడు పచ్చని రంగు వెలిసి నారింజచాయకు తిరుగును.

ఇక్కడనే యజమాని మెలకువగా నుండవలెను. ఈ నత్త మేకవలె దొరికిన ఆకునెల్ల మేయదు. రాళ్ళపై గోధుమరంగు పాచి మాత్రమే యున్న తొట్టిలో అది పస్తుండి చచ్చును. కావున ముందు నాచును గుర్తింపవలెను. పిదపనే నత్తను తేవలెను. వెండ్రుకలవంటి నాచు మెండుగా నున్నచో సముద్రపు కుందేలు అను మరియొక జాతి మేలు. హిందూ మహాసముద్రమునందును గల డొలబెల్లా యను జాతి అట్టిది. అయితే అది అడుగునకు మించి పెరుగగలదు. చిన్న తొట్టిలోని మేత దానికి చాలదు. బెదరినచో ఊదారంగు ద్రవమును చిమ్మును. ఈ రెండు ప్రాణులును మెత్తనివి గనుక నీటిపంపు మూతికి వలతొడుగు తప్పక ఉండవలెను.

నాచు తీరిన నాడే నత్తకు కరవు ఆరంభము. అపుడు నాచు గల మరియొక తొట్టికి దానిని చేర్చుట యజమాని ధర్మము. నాచు మరల రాకుండుటకు మిగులుమేతను తీసివేసి, నీరు మార్చి, నైట్రేటు, ఫాస్ఫేటు లవణములను తగ్గింపవలెను. మూలమును విడిచి నత్తపై భారము వేసిన ఫలము లేదు.

మరియొక హెచ్చరిక. పెరికిన నాచును గాని, అక్కర తీరిన నత్తను గాని సముద్రమున పారవేయరాదు. కాలెర్పా టాక్సిఫోలియా యను తొట్టినాచు 1984లో మొనాకోలోని సముద్రశాస్త్ర ప్రదర్శనశాల యెదుట సముద్రమున కనబడి, పిమ్మట మధ్యధరా తీరములలో వ్యాపించెను. దానిని మేయు ఉష్ణమండలపు నత్తను ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరీక్షించిరి. అయినను సముద్రమున విడువలేదు. తొట్టిలో వేసిన ప్రాణిని మరల తీయగలము. కడలిలో విడిచినదానిని వెనుకకు పిలువగలమా?