దీవులలో సూర్యదీపము: బ్యాటరీకి కాపున్న చిన్న పెట్టె

అండమాన్ నికోబార్ దీవులలో ప్రొద్దు త్వరగా క్రుంకును. ఆ దీవులు బంగాళాఖాతమునకు తూర్పుకొసన, 92, 93 డిగ్రీల రేఖాంశముల ప్రాంతమున ఉన్నవి. అయినను అచటి గడియారములు తక్కిన భారతదేశముతో పాటే నడచును. అందుచేత డిసెంబరు మాసములో సాయంకాలము ఐదుగంటల ప్రాంతముననే సూర్యుడు అస్తమించును. శ్రీకాకుళము నుండియో, విశాఖపట్టణము నుండియో క్రొత్తగా అచటికి వెళ్లినవారికి మొదట వింతగా తోచునది ఇదియే. అట్లు వెళ్లి స్థిరపడిన తెలుగువారు తక్కువ మంది కారు. 2011 జనాభా లెక్కల ప్రకారము దీవుల ప్రజలలో నూటికి సుమారు పదుముగ్గురికి తెలుగు మాతృభాష.

ఈ దీవులలో విద్యుత్తు అధికభాగము డీజిలు యంత్రముల వలన లభించుచున్నది. ఆ డీజిలు ఓడలపై రావలెను. పెద్ద ఊళ్లలో పరిస్థితి కొంత మారినది. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయిరు వద్ద 2020లో 20 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము, దానికి తోడుగా గొప్ప బ్యాటరీల సముదాయము ఏర్పడినవి. దూరపు దీవులలోని చిన్న ఆరోగ్య ఉపకేంద్రమునకును, చెట్లనడుమ విడిగా ఉన్న ఇంటికిని మాత్రము కప్పుపై రెండు సౌరఫలకములు, మూల నొక బ్యాటరీ, గోడకు చిన్న పెట్టె, ఇవియే విద్యుత్కేంద్రము. ఆ చిన్న పెట్టెనే చార్జి కంట్రోలరు అందురు. ఈ వ్యాసము దానిని గూర్చినదే.

ఆరోగ్యశాఖవారి పుస్తకములో విద్యుత్ యంత్రమును గూర్చి ఏల వ్రాయవలెనని పాఠకులు అడుగవచ్చును. నికోబారీ ప్రజలలో హెపటైటిస్ బి అను కాలేయవ్యాధి క్రిములు ఎక్కువగా వ్యాపించియున్నట్లు, 1983లో పోర్టు బ్లెయిరున స్థాపింపబడిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రమువారి పరిశీలనలలో తేలినది. ఆ వ్యాధికి టీకా కలదు. తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకకుండుటకు, బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు ఈయవలెను. ఆ మందును 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల చల్లదనములోనే ఉంచవలెను. వేడి తగిలినచో దాని బలము తగ్గును. గడ్డకట్టినచో పూర్తిగా చెడును. ఇక ప్రసవము పగలే జరుగవలెనను నియమమేమియు లేదు. అర్ధరాత్రివేళ, వానలో, నొప్పులు పడుచున్న తల్లి వచ్చినపుడు దీపము ఆరిపోయినచో మంత్రసాని ఏమి చేయగలదు? దీపము ఆరుట బ్యాటరీ దోషమని మనము అనుకొందుము. పెక్కుసారులు ఆ దోషము నెలల క్రిందటనే, కంట్రోలరును సరిగా అమర్చకపోవుటవలననో, దానిని చూడకపోవుటవలననో మొదలైయుండును.

పల్లెలలో చెరువు తూము వద్ద కాపున్న నీరుగట్టిని ఎరుగుదుము గదా. చెరువు నిండి కట్ట తెగకుండ చూచువాడు వాడే. అడుగంట ఎండకుండ తూము మూయువాడును వాడే. కంట్రోలరు పనియు అట్టిదే. పగలు ఫలకములు పంపు విద్యుత్తు హద్దుమీరి బ్యాటరీని ఉడికించకుండ ఆపును. రాత్రి దీపములు బ్యాటరీని పూర్తిగా పీల్చివేయకుండ త్రోవ మూయును. నీరుగట్టికి ఏ మట్టమునకు మూయవలెనో ముందుగా చెప్పియుండవలెను. తప్పుడు మట్టము చెప్పినచో వాడు ఎంత నమ్మకస్థుడైనను చెరువు నిలువదు.

ఆ మట్టములను వోల్టులలో చెప్పుదురు. నీరు పోయు సీసపు బ్యాటరీ, 12 వోల్టులది, ఆరు గదులు గలది. పూర్తిగా నిండి, కొంతసేపు పని లేక విశ్రమించినపుడు అది సుమారు 12.7 వోల్టులు చూపును. సగము ఖాళీ అయినపుడు 12.2 ప్రాంతమున ఉండును. 11.9కు దిగినచో దాదాపు వట్టిపోయినదన్నమాట. నింపునపుడు మాత్రము ఇంతకన్న హెచ్చు వోల్టులు కావలెను. ఉదయమున కంట్రోలరు ఫలకములనుండి వచ్చినదంతయు లోనికి పంపును. వోల్టులు 14.4 మొదలు 14.8 వరకు గల నిర్ణీతస్థానమును చేరగానే, అచటనే నిలిపి, ప్రవాహమును క్రమముగా తగ్గించుచు మిగిలిన కొరతను పూరించును. నిండిన పిమ్మట 13.5, 13.8 వోల్టుల నడుమకు దించి, ఆ నిండుదనమును కాపాడుచుండును. మూతవేసిన జెల్ బ్యాటరీలకు పై హద్దు కొంత తక్కువ. కంట్రోలరుపై బ్యాటరీ జాతిని ఎన్నుకొను మీట ఉండును. మీ బ్యాటరీ ఏ జాతిదో దానిపై అంటించిన కాగితమును చూచి, తయారుచేసినవారు చెప్పిన అంకెలనే పెట్టుడు. బ్యాటరీ మార్చినపుడు మీటను మార్చుట మరచుట మిక్కిలి సాధారణమైన పొరపాటు. జెల్ జాతికి పెట్టిన మీటతో నీటి బ్యాటరీని నడిపినచో అది ఎన్నడును పూర్తిగా నిండదు. నిండని బ్యాటరీలో సీసపు పలకలపై తెల్లని గంధకలవణము గట్టిపడి, దాని శక్తి నెలనెలకు తరిగిపోవును. లిథియం బ్యాటరీల పద్ధతి వేరు. వాటికి సీసపు బ్యాటరీ అంకెలను వాడరాదు.

పైని చెప్పిన అంకెలు 25 డిగ్రీల వేడికి చెప్పినవి. దీవులలో రేకుల కప్పు క్రింద, కిటికీ లేని గదిలో బ్యాటరీ ఎంత వేడెక్కునో చేయి పెట్టి చూచినవారికి తెలియును. వేడి ఎక్కువైనకొలది పై హద్దును తగ్గించవలెను. ప్రతి డిగ్రీకి ప్రతి గదికి 3 మొదలు 5 మిల్లీవోల్టులు. అనగా 35 డిగ్రీల వేడిలో ఆరుగదుల బ్యాటరీకి 0.18 మొదలు 0.30 వోల్టుల తగ్గింపు. మంచి కంట్రోలరు దీనిని తానే చేయును. కాని దాని వేడిని కొలుచు తీగకొన బ్యాటరీ ప్రక్కను అంటియుండవలెను గాని, గోడమీద వ్రేలాడరాదు. పది డిగ్రీల వేడి పెరిగినచో సీసపు బ్యాటరీ ఆయువు దాదాపు సగమగును. కావున దానిని నీడగా, గాలి ఆడుచోట ఉంచుట ఏ మీట త్రిప్పుటకన్నను మేలు.

క్రింది హద్దు మాట ఇపుడు చెప్పవలెను. చౌక కంట్రోలర్లు పెక్కు 11.1 వోల్టుల వద్ద గాని దీపములను ఆపవు. పెద్ద బ్యాటరీకి చిన్న దీపములు మాత్రమే ఉన్నచో, ఆ అంకెను చేరునప్పటికి బ్యాటరీ దాదాపు వట్టిదై పోవును. మార్చు వీలున్నచో 11.8 ప్రాంతమున ఉంచుట క్షేమము. దీపములు ఆగిన వెంటనే వోల్టులు కొంత పైకి లేచును. అది బ్యాటరీ నిండుట కాదు. అందుచేతనే తిరిగి కలుపు అంకె 12.6 వంటి ఎత్తున ఉండవలెను. లేనిచో దీపము వెలుగుచు ఆరుచు కన్నుగీటుచుండును.

ఎర్రదీపము వెలిగి కంట్రోలరు త్రోవ మూసినపుడు, దానిని తప్పించి దీపపు తీగలను నేరుగా బ్యాటరీకి తగిలించువారు కలరు. రోగి ఎదుట ఉన్నపుడు ఆ ఆతురతను తప్పుపట్టజాలము. అయినను నాలుగుసారులు అట్లు చేసినచో అయిదవరాత్రికి ఆ బ్యాటరీయే ఉండదు. ఇందుకు నా ఎరుకలో ఉపాయమొకటే: ప్రసవపు గదిలో వేరుగా నిండించి ఉంచిన చేతిదీపము ఒకటి ఎల్లప్పుడును ఉండవలెను. టీకాల శీతలపేటికకు తన ఫలకములు తనకే వేరుగా ఉండవలెను. దానినుండి టెలిఫోనులకు, పంకాలకు తీగ లాగరాదు. బ్యాటరీ లేకయే ఎండతో మంచును పేర్చుకొని నడచు పేటికలు ఇపుడు వచ్చినవి. అవి ఉన్నచోట ఈ చింత దీపములకు మాత్రమే.

ఇక కనిపెట్టి చూచుట. దీనికొక పుస్తకము, ఒక పెన్సిలు చాలును. ఉదయము ఫలకములకు వెలుగు తగులకముందే ఒకసారి వోల్టులను వ్రాయుడు. జూను మాసమున అచట ఐదుగంటలకు ముందే ప్రొద్దు పొడుచునని మరువకుడు. సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడు ప్రవాహమును, అనగా ఆంపియర్లను వ్రాయుడు. ఆ వేళ అచట గడియారములో పన్నెండు గాదు, సుమారు పదకొండు, పదకొండున్నరల నడుమ. సాయంకాలము నాలుగుగంటలకు కంట్రోలరు నిండిన గుర్తు చూపినదో లేదో వ్రాయుడు. ఒక్కనాటి అంకె చెప్పునది తక్కువ. వరుస చెప్పునది ఎక్కువ. మే మాసములో నైరృతి ఋతుపవనము మొదట తాకునది ఈ దీవులనే. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియుచోట మబ్బుదినములు వరుసగా వచ్చును. సోమవారము ఉదయము 12.5, మంగళవారము 12.4, బుధవారము 12.2 అని పుస్తకములో కనిపించినచో, గురువారము సాయంకాలము వరకు వేచియుండ నక్కరలేదు. ఆనాడే పంకాను, టెలిఫోనుల చార్జీని ఆపి, మిగిలిన శక్తిని ప్రసవపు గది దీపమునకు దాచవలెను. మబ్బు లేకయే నడినెత్తి ప్రవాహము తగ్గినచో కప్పువైపు చూడుడు. పెరిగిన కొబ్బరిమట్ట నీడయో, పక్షిరెట్టయో, ఉప్పుపొరయో అచట కనబడును.

కంట్రోలరు చూపు అంకెను పూర్తిగా నమ్మరాదు. నెలకొకసారి చేతిమీటరుతో బ్యాటరీ కొనలవద్దనే వోల్టులు కొలిచి సరిపోల్చుడు. రెంటికిని 0.2 వోల్టులకు మించి తేడా ఉన్నచో తీగ సన్నమైనదో, కొనలకు చిలుము పట్టినదో అయియుండును. సముద్రపు గాలిలో చిలుము వారములలో పట్టును. అట్టిచో కంట్రోలరు హద్దును పెంచి తేడాను కప్పిపుచ్చరాదు. ముందుగా ఫలకముల తీగలను, పిమ్మట బ్యాటరీ తీగలను విప్పి, కొనలను తుడిచి, వాసలీను పూసి, ముందు బ్యాటరీని, పిదప ఫలకములను కలుపవలెను. ఈ వరుస తప్పినచో కొన్ని కంట్రోలర్లు కాలిపోవును.

నీటి బ్యాటరీలో పలకలు మునిగియుండవలెను. బ్యాటరీ నిండిన పిమ్మట డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావినీరు గాని, ఆమ్లము గాని పోయరాదు. నిండునపుడు దానినుండి వెలువడు హైడ్రోజను వాయువు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. ఆ గదిలో చుట్ట, దీపపు బుడ్డి కూడదు. ఆమ్లము ఒంటిపై పడినచో వెంటనే ధారాళమైన నీటితో చాలసేపు కడుగవలెను. కంటిలో పడినచో అట్లే కడిగి, ఆలస్యము లేక వైద్యునివద్దకు పోవలెను.

విడిభాగములు ఓడపై రావలెను. వాన, అల కలిసినచో ఓడ ఎన్నడు వచ్చునో చెప్పలేము. రెండు ఫ్యూజులు, రెండు సీసాల డిస్టిల్డ్ వాటరు, వాసలీను డబ్బా ఒకటి ముందే తెప్పించి కంట్రోలరు క్రింది అలమరలో ఉంచుడు. బ్యాటరీ పెట్టిన తేదీని, దాని జాతిని, కంట్రోలరునకు పెట్టిన అంకెలను పుస్తకపు అట్టలోపల పెద్ద అక్షరములతో వ్రాయుడు. మీరు బదిలీపై పోయినపుడు తరువాత వచ్చు మంత్రసాని ఆ పుటనే మొదట తెరచును.