నొప్పి మాట, చికిత్స మాట: ఫిజియోథెరపిస్టుల సంభాషణ శిక్షణ – పాలమూరు వాడుక

మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తుంది. గాయం మానిన తర్వాత కూడా నిలిచిపోయే ఈ నొప్పి చాలాసార్లు ఎక్స్‌రేకు అందదు. అక్కడ రోగి మాటే ప్రధాన ఆధారం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని వివరణలో చేర్చింది. కనుక వినడం, చెప్పడం ఫిజియోథెరపిస్టుకు చికిత్సలో భాగమే అవుతాయి.

రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రకటించిన మెక్‌గిల్ ప్రశ్నావళి నొప్పిని వర్ణించే 78 పదాలను 20 వర్గాలుగా కూర్చింది. ఆ పదాలు విశేషణాలు. తెలుగులో, ముఖ్యంగా కోడేరు వంటి పాలమూరు పల్లెల వాడుకలో, నొప్పి ఎక్కువగా క్రియల్లో పలుకుతుంది: కాళ్ళు గుంజుతయి, నడుము పడుతది, కీలు సలుపుతది, నరం జివ్వుమంటది. ‘నొప్పి ఎలాంటిది?’ అనే అనువాద ప్రశ్నకు ‘నొప్పే’ అన్న జవాబు రావడంలో వింత లేదు. ‘ఎట్ల అయితున్నది?’ అని అడిగితే ఆ క్రియలకు చోటు దొరుకుతుంది. పదికి ఎంత అన్న కొలత తెలియని వృద్ధులు కూడా రూపాయిల బారాణ తగ్గిందని చెప్పగలరు.

వినడం కన్నా చెప్పడంలో ప్రమాదం ఎక్కువ. ‘గుజ్జు అరిగింది’ అన్నది మోకాలి నొప్పికి రోగీ వైద్యుడూ వాడే మాట. అరిగిన నాగటి కర్రును ఇంకా వాడితే మరింత అరుగుతుంది. ఆ తర్కంతో రోగి కాలు కదపడమే మానుకుంటాడు. కాని ఇటువంటి మోకాలికి తగిన వ్యాయామమే మొదటి చికిత్స. ఒక్క క్రియ ఆ చికిత్సకు అడ్డు నిలుస్తుంది.

శిక్షణ వల్ల ఫలితం ఉంటుందా? దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఐర్లండులో జరిగి 2017లో వెలువడిన ‘కనెక్ట్’ పరిశోధనలో 53 మంది ఫిజియోథెరపిస్టులు, 255 మంది రోగులు పాల్గొన్నారు. ఎనిమిది గంటల సంభాషణ శిక్షణ పొందిన వారి రోగులు ఇంటి వ్యాయామాలను కొంత మెరుగ్గా పాటించామని చెప్పారు. అయితే నొప్పిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. శిక్షణను సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం తగదు. అయినా ఇంటి దగ్గర వ్యాయామం సాగడం చిన్న లాభం కాదు.

ఆ లాభం ఇక్కడ దక్కాలంటే శిక్షణ ఇంటి భాషలో సాగాలి. మన ఫిజియోథెరపీ పట్టభద్రుల చదువంతా ఇంగ్లీషులోనే. ‘అర్థమైందా?’ అంటే మర్యాదకైనా ‘అయింది సార్’ అంటారు. ‘ఇంట్ల ఎట్ల చేస్తరో ఒకసారి చూపియ్యుండ్రి’ అంటే పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కోడేరు, దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టిన పాలమూరు కూలీల ప్రాంతం. తట్ట మోస్తేనే కూలి దొరికే మనిషికి ‘బరువులెత్తొద్దు’ అన్న సలహా పనికిరాదు. ఎంత బరువు, ఎన్ని విడతలు, నడుమ ఎంత విరామం అన్నవి ఆ మనిషితో కూర్చుని తేల్చుకోవాలి. శిక్షణలో అభ్యాసానికి ఇచ్చే నమూనా సంభాషణలు తట్ట, పార, నాటు పనుల మీద, ఈ వాడుకలోనే ఉండాలి. వాటిని రాయడానికి ఫిజియోథెరపీ కళాశాలలకు తెలుగు శాఖల తోడు కావాలి.