కుండలో దాచిన కొర్రలు



కోత పండుగ ఆరాధనకు మీరందరూ ధాన్యపు గంపలతో రావడము చూచుట మాకు ఎంతో ఇష్టము. అయితే కొన్ని సంవత్సరాలుగా ఆ గంపలు చూచినప్పుడు ఒక సంగతి మమ్మును బాధిస్తున్నది. మా చిన్నతనములో ప్రభువు బల్ల ముందు జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, తైదలు, కందులు, ఉలవలు, అనుములు, నువ్వులు, కుసుమలు వరుసగా ఉండేవి. ఇప్పుడు ఎక్కువ గంపలలో ఒకే రకపు వడ్లు, ఒకటి రెండింటిలో మక్కలు కనబడుచున్నవి. పత్తి వేసినవారు కవరులో డబ్బు పెట్టి తెస్తున్నారు. కానుక తగ్గిందని మేము అనడము లేదు. మన చేలలో పంటల రకాలు తగ్గిపోయినవని మాత్రమే చెప్పుచున్నాము.

ముందుగా మా తప్పు

ఇతరులకు చెప్పే ముందు మా ఇంటి సంగతి చెప్పుట న్యాయము. 2000 సంవత్సరములో మేము వేదాంత విద్య అభ్యసిస్తున్నాము. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పాత పెంకుటిల్లు తీసి స్లాబు వేయిస్తున్నారు. అటక మీద మా నాయనమ్మ విత్తనపు కుండలు పది పన్నెండు ఉండేవి. మూతులకు పేడతో మెత్తి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రకము దాచేది. పట్టణములో నాలుగు అక్షరాలు నేర్చుకున్నామన్న గర్వముతో మేము, "నాయనమ్మా, దుకాణములో ప్యాకెట్లు దొరుకుతుంటే ఈ కుండలెందుకు?" అని వాటిని దింపించి, గింజలు కోళ్ళకు పోయించాము. ఆమె ఒక్క మాట అన్నది: "బిడ్డా, ఇంట్ల ఇత్తనం లేనోడు రైతెట్లయితడు?"

రెండేండ్లకే జవాబు వచ్చింది. 2002 జూలైలో దేశమంతటా వానలు సగానికి పైగా తగ్గినవి. అప్పు చేసి కొన్న విత్తనము మొలిచి, మా కండ్ల ముందే ఎండిపోయింది. ఆగస్టులో కొద్దిపాటి వాన పడినప్పుడు, తొంబై రోజులలోపు చేతికి వచ్చే కొర్ర అయినా వేద్దామని నాన్న ఊరంతా తిరిగారు. ఒక్క ఇంట కూడ విత్తనము లేదు. దుకాణదారునికి కొర్ర అనే మాటే కొత్త.

చివరకు జహీరాబాదు వైపు ఉన్న మా చిన్నమ్మ, తమ మహిళా సంఘము విత్తనాలలో నుండి రెండు శేర్ల కొర్రలు ఇప్పించింది. "వచ్చే యేడు నాలుగు శేర్లు తిరిగియ్యాలె, ఇంకిద్దరికి ఇత్తనం పెట్టాలె" అన్నది షరతు. ఒక ఎకరములో చల్లితే మూడు బస్తాలు పండినవి. ఆ చలికాలము మా ఇంట పొయ్యి వెలిగింది ఆ గింజలతోనే. నాయనమ్మ వాటిని అరచేతిలో పోసుకొని చూచి, "మంచిగనే ఉన్నయి బిడ్డా, కాని మనవి కావు" అన్నది. ఆమె కొర్ర ఎర్రగా ఉండేది, ఇది పసుపు. ఆ ఎర్ర కొర్ర మాకు మరల దొరకలేదు. ఆమె కూడ ఇప్పుడు లేదు.

రకాలు ఎందుకు అవసరము?

ఒకే రకము ఊరంతా వేస్తే, ఒకే తెగులు ఊరంతటినీ ఖాళీ చేయగలదు. 1845లో ఐర్లాండులో బీదలు ఎక్కువగా ఒకే రకపు ఆలుగడ్డ మీద బ్రతికేవారు. దానికి తెగులు సోకినప్పుడు ఆ తరువాతి కొన్ని సంవత్సరాలలో సుమారు పది లక్షల మంది ఆకలికి, రోగాలకు మరణించారు. ఆసియాలో వరికి గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 6 వేలకు పైగా నమూనాలు పరీక్షించారు. తట్టుకొనే గుణము దొరికినది మన ఉత్తరప్రదేశ్ నుండి సేకరించిన ఒక అడవి వరిలో. కలుపు అని పీకి పారవేసే ఆ గడ్డి గుణాన్నే తరువాత ఐ.ఆర్. 36 వంటి రకాలలోనికి తెచ్చారు.

ఇది ఎరిగినవారు విత్తనము కొరకు ప్రాణము కూడ ఇచ్చారు. 1941 నుండి 1944 వరకు లెనిన్‌గ్రాడ్ నగరము శత్రు ముట్టడిలో ఉన్నది. అక్కడి విత్తన సంస్థను పెంచిన వావిలోవ్ అప్పటికే చెరసాలలో ఉండి, 1943లో అక్కడే కన్నుమూశారు. ఆయన సహచరులలో కొందరు ధాన్యపు సంచుల మధ్యనే ఆకలితో చనిపోయారు గాని, ఆ విత్తనాలు తినలేదు. వరి విభాగమును చూచిన ద్మిత్రి ఇవనోవ్ వారిలో ఒకరు. అది ఇంకా పుట్టని బిడ్డల అన్నమని వారు ఎంచారు. యోసేపు కాలపు కరవులో కూడ జనులు ఆయనను ఆహారము మాత్రమే గాక విత్తనము కూడ అడిగారని మనము మరచిపోరాదు.

రెండు విధాల భద్రత

మనకు దగ్గరలోనే, పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ విత్తన నిధి ఉన్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1 లక్ష 20 వేలకు పైగా అక్కడ భద్రము చేయబడినవి. దీర్ఘకాలము ఉంచవలసినవాటిని బాగుగా ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచుతారు.

అది మంచిదే. అయితే చలిగదిలో నిద్రించే గింజకు మారుతున్న వానలు, కొత్త పురుగులు పరిచయము కావు. ఏటేటా చేనులో పండే విత్తనమే వాటికి అలవాటు పడుతుంది. గనుక రెండూ కావాలి. జహీరాబాదు ప్రాంతములో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చదువు లేనివారు, ఊరూరా విత్తన నిధులు నిలిపారు. పాత పంటల జాతర పేరిట ఎడ్లబండ్లపై విత్తనాలు పెట్టుకొని గ్రామగ్రామము తిరిగారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి పనికి ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది.

ఇంట చేయదగినవి

హైబ్రిడ్ విత్తనాలను మేము నిందించము; అవి అనేక కుటుంబాలకు దిగుబడి ఇచ్చినవి. అయితే హైబ్రిడ్ పంట నుండి తీసిన గింజ మరుసటి యేడు ఒకే తీరుగా పండదు. దాచుకోదగినవి నాటు రకాలు, హైబ్రిడ్ కాని మెరుగైన రకాలు.

కోతకు ముందే చేనులోనికి వెళ్ళి, గట్టు పక్కన గాక నడి చేనులో, తెగులు లేని మంచి కంకులను ఎన్నుకొని వేరుగా కోయండి. వరి, కొర్ర ఎక్కువగా తమ పువ్వులోనే గింజ కట్టుకుంటాయి గనుక రకము సులభముగా చెడదు. సజ్జకు గాలి, కందికి తేనెటీగలు పొరుగు పుప్పొడిని తెస్తాయి గనుక వాటిని ఇతర రకాలకు దూరముగా వేయాలి. గింజలను బాగుగా ఎండబెట్టి, చల్లారిన తరువాత వేపాకు గాని జల్లించిన బూడిద గాని కలిపి కుండలో పోసి మూతి మెత్తాలి. విత్తే ముందు 100 గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి వారము రోజులు చూడండి. జొన్న, సజ్జ, కంది 75, వరి 80 మొలిస్తే విత్తనము మంచిదే.

2001 నాటి చట్టము రైతుకు విత్తనము దాచుకొనే, విత్తుకొనే, ఇచ్చిపుచ్చుకొనే, అమ్ముకొనే హక్కును కాపాడింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రము అమ్మరాదు.

మా సంఘపు కుండలు

మా ఆలయము వెనుక గదిలో ఇప్పుడు పదకొండు కుండలు ఉన్నవి. సంఘములోని వృద్ధ తల్లులు ఇచ్చినవే. అయితే మొన్న మొలక పరీక్ష చేసినప్పుడు సామలలో 100కు 40 మాత్రమే మొలిచినవి. రెండేండ్లుగా ఎవరూ వాటిని విత్తలేదు. ఈ తొలకరికి ఎవరైనా మడి చేయకపోతే, మా ఊరి సామ కూడ మా నాయనమ్మ ఎర్ర కొర్ర దారినే పోతుంది.

గనుక మా సంఘములో ఇలా అనుకున్నాము. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క కుండ బాధ్యత తీసుకోవాలి. రెండు గుంటల మడి చాలు. కోత పండుగకు కానుక గంపతోపాటు విత్తనపు కొలత వేరుగా తేవాలి. సామల కుండ మేమే తీసుకున్నాము. మీ ఊరిలో కూడ ఏదో ఒక అటక మీద ఒక అవ్వ కుండ ఉండవచ్చును. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె ఇంటికి వెళ్ళి అడగండి. ఆమె బ్రతికి ఉండగానే అడగండి.