కొమ్ము కొసన వెలుగు

గవర్నర్‌పేటలోని మా సంఘపు యౌవనస్థుడొకడు గత డిసెంబరులో ఒక ఫొటో తెచ్చి నా బల్లమీద పెట్టాడు. నల్లని ఆకాశంలో ఎర్రని దారపు పోగులవంటి చారలు, నడుమ నీలిపొగ. "పేలిపోయిన నక్షత్రం అయ్యగారూ. క్రాబ్ నెబ్యులా అంటారు" అన్నాడు.

పట్టణపు దీపాల మధ్య ఇది కుదరలేదట. దివిసీమలో మేనమామగారి కోసిన వరిచేలో టెలిస్కోపు నిలిపాడు. భూమి తిరుగుతుంది గనుక నక్షత్రాలు జరిగిపోతాయి. వాటి వెంబడి టెలిస్కోపును మోటారు మెల్లగా తిప్పుతుంది. రెండేసి నిమిషాల చొప్పున రాత్రంతా తీసిన ఫొటోలను కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చాడు. పూర్వం హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాలవారు ఇలాంటి ఓర్పుతోనే గాజుపలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, లక్షల నక్షత్రాలకు పట్టిక వేశారు.

యోబు గ్రంథంలో మనం చదివే మృగశీర్షానికి ఉత్తరంగా, వృషభరాశి కొమ్ము కొసన ఉందిది. 1054 జూలైలో చీనావారు ఈ పేలుడును చూసి వ్రాసిపెట్టారు. 23 దినములు పట్టపగలే కనబడిందట. ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న రోజులవి.

అయితే ఆ అబ్బాయి వచ్చింది ఫొటో చూపించడానికి కాదు.

"ఈ వెలుగు మనదాకా రావడానికి దాదాపు 6,500 ఏండ్లు పట్టింది. లోకం పుట్టి 6,000 ఏండ్లేనని సండేస్కూల్లో మీరే చెప్పారు. ఏది అబద్ధమండీ?"

రెండు నెలలుగా వాడు ఆరాధనకు రావడం లేదు. వాళ్లమ్మ నా భార్య దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది.

చదువరులారా, నేను అలా చెప్పిన మాట నిజమే. థియాలజీ డిప్లొమా రోజుల్లో పాత ఇంగ్లీషు బైబిలు అంచున చూసిన క్రీ.పూ. 4004 అనే అంకెను వచనమంత గట్టిగా పట్టుకున్నాను. అది వచనం కాదు. ఐర్లండు ఆర్చిబిషపు జేమ్స్ అషర్ 1650లో వంశావళులు కూడి ప్రకటించిన లెక్క. తరువాత అచ్చువేసినవారు అంచులో చేర్చారు. ఆయన భక్తుడే, మహా పండితుడే, కాని లెక్క మనిషిది. ఆదికాండము సంవత్సరం చెప్పదు. వెలుగును దేవుడు సగం దారిలోనే సృజించాడని కొందరు సహోదరులంటారు. అట్లయితే ఎన్నడూ జరగని పేలుడును జరిగినట్టు ఆయన మనకు చూపించాడనాలి. అది నాకు మింగుడుపడదు.

"తప్పు చెప్పాను నాయనా" అన్నాను. వాడు ఏమీ అనలేదు.

ఆ వారం వాళ్లమ్మను, నన్ను చేనికి తీసుకువెళ్లాడు. ఫొటోలోని రంగులేవీ టెలిస్కోపులో కంటికి కనబడవు. ఆమె చాలాసేపు చూసి, "ఈ మసక మరక కోసమా రాత్రంతా మంచులో కూర్చున్నావు?" అంటూ తన శాలువా తీసి వాడికి కప్పింది.