వెస్టర్న్ ధారావాహికలు – సంభావ్యతా విచారం

ఒక కథ విని ‘ఇది జరగదు’ అని శ్రోత అన్నప్పుడు, అతడు నిజానికి దేనిని కాదంటున్నాడు? ఈ ప్రశ్న మన ఆలంకారికులకు కొత్తది కాదు. రసాస్వాదానికి కలిగే ఏడు విఘ్నాలను లెక్కించిన అభినవగుప్తుడు మొట్టమొదట పేర్కొన్నది సంభావనావిరహాన్ని; అనగా, చూస్తున్నది సంభవించగలదన్న ఊహే ప్రేక్షకునికి కలగకపోవడాన్ని. ఆ ఊహ లేనిచోట మనస్సు నిలవదు. మనస్సు నిలవనిచోట రసం మాట ఎత్తనక్కరలేదు. ఈ సూత్రాన్ని పరీక్షించడానికి నేను ఎన్నుకొన్న రంగం కొందరికి చిన్నతనంగా తోచవచ్చు: అమెరికా టెలివిజన్‌లో వారం వారం వచ్చిన వెస్టర్న్ కథలు. కాని ప్రేక్షకుని స్వభావం తెలుసుకొనడానికి ఇంత అనుకూలమైన సామగ్రి మరొకచోట దొరకడం కష్టం. ఒకే నాయకుడు, ఒకే ఊరు, ఏళ్ల తరబడి వందలకొద్దీ కథలు. వాటిని రెండు మూడు తరాలవారు చూసినారు, మళ్లీ చూసినారు, ఏది నమ్మదగినదీ ఏది కాదనీ వాదులాడుకొంటూనే ఉన్నారు.

వీటిలో పెద్దది ‘గన్‌స్మోక్’. నార్మన్ మక్‌డొనెల్, జాన్ మెస్టన్ అనే ఇద్దరు 1952లో రేడియోకై ఆరంభించిన ఈ కథావళి 1955 సెప్టెంబరులో టెలివిజన్‌కు వచ్చి, 1975 మార్చి వరకు 635 భాగాలుగా నడిచినది. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ అందులోని ఊరు. జేమ్స్ ఆర్నెస్ ధరించిన మార్షల్ మాట్ డిల్లన్ నాయకుడు. 1959లో మొదలై 1973 జనవరిలో ముగిసిన ‘బొనాంజా’, 1958 – 63 మధ్య వచ్చిన ‘రైఫిల్‌మన్’ తరువాత చెప్పదగినవి.

ప్రేక్షకుల ఆక్షేపణలలో ఒక తెగ లెక్కలకు సంబంధించినది. రైఫిల్‌మన్ కథ జరిగేది 1880ల నాడు, నాయకుని చేతిలోనిదేమో 1892 నమూనా వించెస్టర్ తుపాకి. డిల్లన్‌కు ఎన్ని పర్యాయాలు గుండు తగిలినా పైవారానికి మచ్చయినా మిగలదు. బొనాంజాలో తండ్రి బెన్ కార్ట్‌రైట్ వేషం వేసిన లార్న్ గ్రీన్ పుట్టినది 1915లో. పెద్దకొడుకు ఆడమ్‌గా నటించిన పెర్నెల్ రాబర్ట్స్ 1928లో. పదమూడేళ్ల తండ్రి! ఆ ఇంటి మగవారు ఏళ్ల తరబడి అవే దుస్తులు తొడిగినారు. పాత దృశ్యాలను కొత్త కథలలో అతికించుకొనడానికి నిర్మాతలు ఎంచుకొన్న సులభమార్గమది.

ఇంతకన్న గడ్డు ఆక్షేపణ చరిత్రకారులది. 1870 – 1885 మధ్య కాన్సస్‌లోని అయిదు పశువుల వర్తక పట్టణాలలో జరిగిన హత్యలన్నీ కలిసి 45 మాత్రమేనని రాబర్ట్ డిక్‌స్ట్రా తన 1968 నాటి గ్రంథంలో లెక్క తేల్చినాడు. ఆ అయిదింటిలో డాడ్జ్ సిటీ ఒకటి. పైగా ఆ ఊరి హద్దులలో ఆయుధం పట్టుకొని తిరగడం నిషిద్ధమని పలక కట్టి ఉండేదట. మన మార్షల్ తొలి ఏళ్లలో కథ మొదలుకాకమునుపే, నామావళి వేళకే, వారానికొకనిని నేలకూల్చేవాడు.

ఇన్ని తప్పులు తెలిసినవారే ఆ కథలను వదలకుండా చూసినారన్నది గమనించదగిన విషయం. లెక్క తప్పిందని ఎత్తిచూపే ప్రేక్షకుని గొంతులో కోపం కన్న చనువు ఎక్కువ. బంధువు నత్తిని అనుకరించేవాని చనువు అది. అతనికి నిజమైన కోపం వచ్చేది మరొకచోట. బుద్ధిమంతుడుగా పేరుపడిన పాత్ర, కథ ముందుకు పోవాలి గనుక, ఒక పూట మూర్ఖుడైనప్పుడు. ఒక్క మాటతో తీరే అపార్థం, ఆ మాట ఎవ్వరూ అనకపోవడంవల్ల, గంటసేపు సాగినప్పుడు. కరకు దొంగ చివరి అయిదు నిమిషాలలో అకారణంగా కరిగిపోయినప్పుడు. తుపాకి సంవత్సరం తప్పడం వస్తుదోషం. ఇది అనౌచిత్యం. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదన్న ఆనందవర్ధనుని తీర్పుకు, ధ్వన్యాలోకం పేరైనా వినని ఈ ప్రేక్షకులు సాక్షులు.

గన్‌స్మోక్ మొదటి కథే ఇందుకు మంచి ఉదాహరణ. డాన్ గ్రాట్ అనేవాడు ఎదురుపడి, డిల్లన్ కన్న ముందుగా తుపాకి దూసి అతనిని చావుకు దగ్గరచేస్తాడు. నాయకుని ప్రథమ దర్శనమే పరాజయంతో! మంచంమీద పడి ఉన్న డిల్లన్ తాను ఎందుకు ఓడినదీ ఆలోచిస్తాడు. గ్రాట్ చేయి వేగం గలది, గురి గలది కాదు. అందుకే వాడు ప్రతిసారీ ఎదుటివానికి మరీ దగ్గరగా వచ్చి నిలబడతాడు. రెండవసారి డిల్లన్ వానిని దగ్గరకు రానివ్వడు. ఆ కొద్ది దూరంలోనే గ్రాట్ పతనం ఉన్నది. నాయకుడు గెలుస్తాడని చూసేవారందరికీ తెలుసు. ఎట్లా గెలిచినాడో చెప్పిన కారణం మాత్రం మొదటి సంఘటనలోనే, అందరి కళ్లముందే ఉన్నది. మెస్టన్ ఇక్కడ చేసినది అతి సామాన్యమైన పని. మన కథకులలో చాలామంది మరచిపోయే పని కూడా అదే.

అలౌకికమైన పరాక్రమాన్ని చూపదలచిన నాటకానికి ప్రఖ్యాత నాయకుడే కావలెనని అభినవగుప్తుడన్నాడు. రాముడు సముద్రం దాటినాడంటే నమ్ముతాము. ఊరిలో ఒకడు దాటినాడంటే నమ్మము. రాముని ఖ్యాతి మనలో ముందే పాతుకొని ఉన్నది గనుక. ధారావాహిక చేసే చమత్కారమేమంటే, ఏ పురాణమూ ఇవ్వని ఆ ఖ్యాతిని అది తానే కూడబెట్టుకొంటుంది. మొదటి ఏట డిల్లన్‌కు కారణం చెప్పవలసి వచ్చినది. పదవ ఏటికి ఆ అవసరం తీరినది. అసంభవమైనా నమ్మించేది, సంభవమైనా నమ్మించలేనిదానికన్న మేలని అరిస్టాటిల్ అన్నది ఇటువంటి చోటనే అక్కరకు వస్తుంది.

బొనాంజాలో ఈ కూడబెట్టిన సొమ్ము విచిత్రంగా ఖర్చయినది. ఆ ముగ్గురు కొడుకుల ముగ్గురు తల్లులూ కాలం చేసినవారే. కొడుకులు మనసిచ్చిన ప్రతి స్త్రీ కథ ముగిసేలోగా మరణిస్తుంది, లేదా ఊరు విడిచిపోతుంది. ఈ ‘శాపం’ ప్రేక్షకులకు పరిహాసపాత్రమైనది. 1972 సెప్టెంబరులో వచ్చిన ‘ఫరెవర్’ అనే భాగంలో చిన్నకొడుకు జో పెళ్లిచేసుకొంటాడు. భార్య హత్యకు గురవుతుంది. ఇంతకన్న ముందే తెలిసిపోయే కథ ఉండదు. ఐనా దానినే ఉత్తమ కథలలో ఒకటిగా ఎన్నేవారు చాలామంది. ఆ కథ మొదట హాస్ పాత్రకై ఉద్దేశించినది. హాస్‌గా నటించిన డాన్ బ్లాకర్ ఆ ఏడు మే నెలలో హఠాత్తుగా మరణించగా, రచనా దర్శకత్వాలు రెండూ వహించిన మైకేల్ లాండన్ జో వేషధారి కూడా గనుక, దానిని తనకు మార్చుకొన్నాడు. తెరమీది దుఃఖం వెనుక తెరబయటి దుఃఖం ఉన్నదని చూసేవారికి తెలుసు. ఇది కథాశిల్పం సాధించిన విజయమా అంటే, కాదనే నా అభిప్రాయం. ఐతే కన్నీటి దగ్గర విమర్శకుని మాట ఎవరు వింటారు?

నిడివి సంగతి ఒకటి చెప్పవలె. గన్‌స్మోక్ 1961లో అరగంట నుండి గంటకు పెరిగినది. అనువాదకుడుగా కథలను విప్పి మళ్లీ కుట్టే అలవాటు నాకున్నది. ఆ కంటితో చూస్తే అరగంట కథలే గట్టివి. పెరిగిన సగంలో పక్కపాత్రలకు ఊపిరి తీసుకొనే చోటు దొరికిన మాట నిజమే గాని, అపార్థంమీద ఆధారపడిన కథలు ఎక్కువైనది కూడా అప్పుడే.

మన దగ్గర 1971లో ఆరుద్ర రచనతో, కె.యస్.ఆర్. దాసు దర్శకత్వంలో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినది. చాలా ఏళ్ల తరువాత దానిని మళ్లీ వేసినప్పుడు నేను చూసిన హాలులో, తెలుగు మాట్లాడేవారికి ఆ టోపీలెక్కడివని ఒక్కరూ అడగలేదు. ఒక పాత్ర అకారణంగా మనసు మార్చుకొన్నప్పుడు మాత్రం నా వెనుక వరుసలో ఎవరో గట్టిగా నవ్వినారు.

గన్‌స్మోక్ ప్రేక్షకులు నేటికీ విడువని ప్రశ్న తుపాకులను గురించినది కాదు. సెలూన్ నడిపే మిస్ కిట్టీని డిల్లన్ ఎందుకు పెళ్లాడలేదు? ఆ పాత్రధారిణి అమండా బ్లేక్ చివరి ఏడాదికి ముందే తప్పుకొన్నది. 1987లో ఆర్నెస్, బ్లేక్ ఇద్దరూ మళ్లీ అవే పాత్రలతో ఒక టెలివిజన్ చిత్రంలో కనిపించినారు. తలలు నెరసినవి. అప్పుడూ పెళ్లి జరగలేదు.