హీటర్ వాడని ఊర్లో హీటర్ పైపు లీకైతే మనకేంటి?

ఈ ఎపిసోడ్ పాత కారు ఉన్నవాళ్ల కోసం. నాన్నగారు ఇరవై ఏళ్లుగా దాచుకున్న మారుతి 800 కావచ్చు, మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న శాంట్రో కావచ్చు. "బ్రో, కారులో రోజూ నీళ్లు తగ్గిపోతున్నాయి, మెకానిక్ హీటర్ పైపు లీక్ అంటున్నాడు. వైజాగ్‌లో హీటర్ ఎవడు వాడతాడు, వదిలేయొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. వదిలేయకూడదు. ఎందుకో చెప్తాను.

మన కారు హీటర్‌లో ఇస్త్రీ పెట్టెలో ఉన్నట్టు కరెంటు కాయిల్ ఏమీ ఉండదు. డ్యాష్‌బోర్డు వెనకాల ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది, దాన్ని హీటర్ కోర్ అంటారు. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ ఒక రబ్బరు పైపులోంచి దాంట్లోకి వెళ్లి, ఇంకో పైపులోంచి తిరిగి ఇంజిన్‌కి వస్తుంది. చాలా కార్లలో మీరు హీటర్ నాబ్ ముట్టుకోకపోయినా ఈ ప్రవాహం నడుస్తూనే ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో మధ్యలో ఒక వాల్వ్ ఉండి కోర్‌లోకి వెళ్లే నీటిని ఆపుతుంది గానీ, ఆ వాల్వ్ దాకా వచ్చే పైపులో ప్రెషర్ అలాగే ఉంటుంది. అంటే పేరుకి హీటర్ పైపే అయినా, అది ఇంజిన్‌ని చల్లబరిచే సిస్టమ్‌లో భాగం. అది లీకైతే ఇంజిన్ లీకైనట్టే.

ఇక్కడ ప్రెషర్ అన్నాను కదా, అసలు విషయం అదే. రేడియేటర్ క్యాప్ అంటే ఉత్త మూత కాదు. దాంట్లో స్ప్రింగ్ ఉంటుంది, లోపల ప్రెషర్‌ని ఒక స్థాయి వరకు నిలబెడుతుంది. 0.9 బార్ క్యాప్ ఉన్న కారులో మామూలు నీళ్లు కూడా 100 డిగ్రీలకి కాదు, సుమారు 118 డిగ్రీలకి మరుగుతాయి. మన వంటింట్లో ప్రెషర్ కుక్కర్ సూత్రమే. ఇప్పుడు కుక్కర్ గాస్కెట్ చిరిగిందనుకోండి, ఎంతసేపున్నా విజిల్ రాదు కదా. హీటర్ పైపుకి సూదంత చిల్లు పడితే కూడా అంతే. పోయే నీళ్లు కొంచెమే కావచ్చు, కానీ ప్రెషర్ నిలబడదు.

దీన్ని అరకు ఘాట్‌కి తీసుకెళ్లి చూడండి. వైజాగ్ సముద్ర మట్టంలో ఉంది, అరకు సుమారు 900 మీటర్ల పైన. అంత ఎత్తులో ప్రెషర్ లేకుండా నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. సిస్టమ్ బాగుంటే అదే చోట 117 దాకా తట్టుకుంటాయి. ఇరవై డిగ్రీల తేడా! ఘాట్‌లో సెకండ్ గేర్‌లో, ఏసీ ఆన్‌లో, నలుగురితో ఎక్కుతున్న ఇంజిన్ మామూలుగానే 90, 95 దగ్గర తిరుగుతుంటుంది. ఇక మిగిలింది రెండు మూడు డిగ్రీలే. కూలెంట్ సరిగ్గా సగం కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు వెసులుబాటు వస్తుంది, కానీ లీకున్న కారులో రోజూ నీళ్లే పోస్తుంటాం కాబట్టి కొన్నాళ్లకి లోపల ఉండేది దాదాపు నీళ్లే.

ఇంకో మోసం కూడా ఉంది. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు నార్మల్‌లో ఉంది కదా అని ధైర్యంగా ఉంటాం. ఆ సెన్సార్ నీటిలో మునిగి ఉంటేనే కరెక్ట్‌గా చెప్తుంది. నీళ్లు దానికంటే కిందికి దిగిపోతే ముల్లు తక్కువే చూపించొచ్చు, లోపల మాత్రం హెడ్ కాలిపోతుంటుంది. వందల రూపాయల రబ్బరు పైపు దగ్గర మొదలైన కథ హెడ్ గాస్కెట్ దగ్గరికి వెళ్లి వేలల్లో తేలుతుంది. పాత కారుకి అంత ఖర్చు ఎందుకని చాలామంది అక్కడే కారుని తుక్కుకి ఇచ్చేస్తారు.

సరే, లీక్ అవునో కాదో ఎలా తెలుస్తుంది? వైజాగ్ ఉక్కపోతలో ఏసీ వేస్తే కారు కింద నీళ్లు కారడం మామూలే. దాన్ని చూసి భయపడక్కర్లేదు. ఆ నీటికి రంగు, వాసన ఉండవు. కూలెంట్ అయితే పచ్చగానో ఎర్రగానో ఉంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, ఒక రకం తీపి వాసన వస్తుంది. ముందు పక్క సీటు కింద కార్పెట్ తడిసినా ఇదే పరీక్ష. ఏసీ డ్రెయిన్ మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది, హీటర్ కోర్ లీకైనా తడుస్తుంది. ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర తుడిచినా మళ్లీ వస్తుంటే అనుమానం హీటర్ కోర్ మీదే. నోట్లో పెట్టి మాత్రం చూడకండి, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బోనెట్ ఎత్తి పైపుని చేత్తో నొక్కండి. మధ్యలో ఒకసారి, రెండు చివర్లలో ఒకసారి. చివర్లు మధ్య కంటే మెత్తగా, లోపల ఖాళీ అయినట్టు అనిపిస్తే ఆ పైపు పని అయిపోయింది. ఈ రబ్బరు చాలాసార్లు బయటి నుంచి కాదు, లోపలి నుంచి పగులుతుంది. మెటల్, కూలెంట్, రబ్బరు కలిసిన చోట చిన్న బ్యాటరీలా రసాయన చర్య జరిగి, చివర్లలో సన్నని పగుళ్లు వస్తాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. మన ఊర్లో ఉప్పు గాలికి క్లాంపులు, ఇనుప గొట్టాలు తుప్పు పట్టడం అదనం.

ఇప్పుడు మార్చే పని. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ తీయొద్దు, ముఖం కాలిపోతుంది. చల్లారాక కూలెంట్‌ని ఒక టబ్‌లోకి దించండి. రోడ్డు మీద వదలకండి, తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు, ఆవులు తాగి చచ్చిపోతాయి.

హీటర్ కోర్ వైపు పైపుని పట్టుకుని గట్టిగా తిప్పి లాగకండి. పాత పైపు అక్కడ అతుక్కుపోయి ఉంటుంది, కోర్ గొట్టమేమో పల్చటి మెటల్. అది వంగిందా, డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి! ఎలాగూ పారేసే పైపే కాబట్టి కట్టర్‌తో నిలువుగా కోసి అరటి తొక్కలా వలిచేయండి. కట్టర్ గీత గొట్టం మీద పడకుండా చూసుకోండి, ఆ గీతే రేపు కొత్త లీక్. తర్వాత తుప్పుని ఎమరీ పేపర్‌తో శుభ్రం చేయండి.

కొత్త పైపు కొనేటప్పుడు గాజువాక ఆటోనగర్‌కో ఇంకెక్కడికో పాత ముక్క చేత్తో పట్టుకెళ్లండి. లోపలి కొలత సరిపోవాలి. లూజుగా ఉన్న పైపుని క్లాంప్‌తో బిగించి సరిపెట్టడం నాకు నచ్చదు. పెట్రోల్ పైపో, గార్డెన్ పైపో అసలే వద్దు, ఆ వేడికి ఆగవు. వంపు ఉన్న చోట వంపు పైపే అడగండి, తిన్నని దాన్ని వంచితే మడత పడి ప్రవాహం ఆగిపోతుంది. రెండు పైపులదీ వయసు ఒకటే కాబట్టి ఒకటి పోతే రెండూ మార్చండి.

పైపు ఎక్కకపోతే గ్రీజు, ఆయిల్ రాయొద్దు. ఈ రబ్బరు పేరు ఈపీడీఎం, ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. కాస్త కూలెంట్‌తో తడిపితే చాలు, జారుతుంది. గొట్టం చివర చిన్న గట్టు ఉంటుంది. క్లాంప్ ఆ గట్టు మీద కాదు, దాటాక వెనకాల కూర్చోవాలి.

కొన్ని కార్లలో జాయింట్ల దగ్గర ఓ-రింగులు ఉంటాయి. పాతది గుండ్రంగా కాకుండా చపాతీలా నలిగి ఉంటే మార్చేయాల్సిందే. సైజు సరిపోయింది కదా అని ఆయిల్‌కి వాడే నైట్రైల్ రింగు వేయొద్దు, వేడి కూలెంట్‌లో అది గట్టిపడిపోతుంది. రింగు బదులు గాస్కెట్ పేస్ట్ పూసేవాళ్లున్నారు. ఆ పేస్ట్ ముక్కలు ఊడి హీటర్ కోర్‌లోని సన్నని దారుల్లో ఇరుక్కుంటాయి. రేడియేటర్‌లో పసుపు వేసే చిట్కా కూడా అలాంటిదే. నడిరోడ్డు మీద ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి సరే, కానీ తర్వాత మొత్తం కడిగించాలి.

"హీటర్ తీసేసి బైపాస్ చేసేద్దాం" అని మెకానిక్ అంటే? ఇంజిన్ వైపున్న రెండు చివర్లని ఒక పైపుతో కలిపేస్తే ప్రవాహం ఆగదు, కొన్నాళ్లు నడిపించొచ్చు. బోల్టు పెట్టి చివర్లు మూసేయడం మాత్రం ఒప్పుకోకండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునే లోపు నీళ్లు తిరగడానికి దారి ఇదే. నన్నడిగితే హీటర్ ఉంచుకోవాలి. శీతాకాలంలో లంబసింగి వెళ్లినప్పుడు అద్దం మీద పొగమంచు తెరని పోగొట్టేది అదే. ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కడం మొదలైతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. చెమటలు కారతాయి గానీ అది మీకున్న రెండో రేడియేటర్. దాంట్లో నీళ్లు తిరుగుతుంటేనే పనికొస్తుంది, అది వేరే సంగతి.

చివరిగా నింపడం. బోరు నీళ్లు వద్దు, దాంట్లోని ఉప్పులు లోపల పొక్కు కడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలపండి. కారు ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా నిలపండి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పండి, లేకపోతే కోర్‌లో గాలి ఇరుక్కుంటుంది. క్యాప్ లేకుండా ఇంజిన్ ఆన్ చేసి, బుడగలు ఆగేదాకా మెల్లగా పోస్తూ ఉండండి, తర్వాత క్యాప్ పెట్టండి. ఊర్లోనే అరగంట తిప్పి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే లెవెల్ చూడండి. క్లాంపులు ఇంకోసారి బిగించండి. ఒక వారం లెవెల్ కదలకపోతే అప్పుడు అరకు ప్లాన్ చేసుకోండి.